మూడు గుంటల నేల, మూడు వందల ఎముకలు

కాళేశ్వరం ఘాట్‌లో నిలబడి చూస్తే నది అవతల ఉండేది సిరొంచ. ఇటు పాత కరీంనగర్ జిల్లా, అటు మహారాష్ట్ర. పటంలో సరిహద్దు గీత ఉంది గానీ తెలుగు రెండు ఒడ్ల మీదా వినిపిస్తుంది. ఆ సిరొంచ తాలూకాలో పోచంపల్లి అనే ఊరుంది. చీరల పోచంపల్లి వేరు, ఇది వేరు. 1958లో ఆ ఊరి పరిసరాల్లో కొన్ని ఎముకల జాడ దొరికింది. 1960, 1961లలో తవ్వితే 276 చదరపు మీటర్ల నేలలో సుమారు 300 ఎముకలు బయటపడ్డాయి. మన లెక్కలో అది మూడు గుంటలు కూడా నిండని చెలక. చదరపు మీటరుకు ఒకటి చొప్పున ఎముకలు, వాటిలో ఒక తొడ ఎముక 1.7 మీటర్ల పొడవుంది. మంచి ఎత్తరి మనిషి పక్కన నిలబెడితే ఇంచుమించు సరిసమానంగా వచ్చే తొడ ఎముక అన్నమాట.

తవ్వింది గనుల శాఖ కాదు, సింగరేణి కాదు. కలకత్తా నుంచి వచ్చిన ఒక శాస్త్ర సంఘం. దాని పేరులో రాయి మాటా లేదు, ఎముక మాటా లేదు. ఆ పేరు ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, పొట్టిగా ఐఎస్‌ఐ.

శాస్త్ర సంఘం అనగానే శాలువాలు, సన్మానాలు, వేదిక మీద పూలకుండీలు గుర్తుకొస్తాయి. ఏడాది పొడవునా అది చేసే అసలు పని మనకు కనపడదు. అందుకే ఈ సంఘం జీవితంలో ఒకే ఒక్క ఏడాదిని, 1960 ఏప్రిల్ నుంచి 1961 మార్చి దాకా, అంకెలతో విప్పి చూద్దాం. ఆ ఏడాది ఫలితం మన చేతికి ఎప్పుడు వచ్చిందో కూడా లెక్క కడదాం. నాకు ఈ కథలో అన్నిటికంటే ముఖ్యంగా తోచింది ఆ రెండో లెక్కే.

రూ.238తో మొదలు

ఐఎస్‌ఐ పుట్టింది 1931 డిసెంబర్ 17న. 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద 1932 ఏప్రిల్ 28న నమోదైంది. ప్రెసిడెన్సీ కాలేజీలో భౌతికశాస్త్ర విభాగంలోనే ఓ మూల దాని కాపురం. మొదటి ఏడాది మొత్తం ఖర్చు 238 రూపాయలు. స్థాపించిన ప్రశాంత చంద్ర మహలనోబిస్ భౌతికశాస్త్రం చెప్పే మాస్టారు. 1933లో ‘సాంఖ్య’ పేరుతో పత్రిక మొదలుపెట్టారు. సంఘానికి సభ్యులు, సమావేశాలు ఎంత అవసరమో పత్రిక అంతకంటే అవసరం. మాట్లాడింది గాలిలో కలిసిపోతుంది, అచ్చయింది నిలబడుతుంది.

లెక్కల సంఘానికి ఎముకలతో పనేమిటని అడగొచ్చు. నిజానికి ఆ సంఘం లెక్కలు మొదలైందే మనుషుల ఒంటి కొలతలతో. 1920లలో మహలనోబిస్ కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల ఎత్తు, తల కొలతల వివరాలు తీసుకుని, రెండు జనసమూహాల మధ్య తేడాను ఎలా కొలవాలని ఆలోచించారు. ఆ ఆలోచన 1936 నాటికి ‘మహలనోబిస్ దూరం’ అనే సూత్రంగా స్థిరపడింది. దాన్ని ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది. మన తెలుగువాడు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన సి.ఆర్.రావు 1941లో ఐఎస్‌ఐలో చేరారు. 1946లో ఆయన్ను కేంబ్రిడ్జ్ పంపించింది కూడా ఎముకల పని మీదే. సూడాన్‌లోని జెబెల్ మోయాలో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలకు ఈ సూత్రాన్ని వర్తింపజేయడానికి వెళ్లారు. కొలిచేవాడికి పుర్రె అయినా పంట దిగుబడి అయినా ఒకటే, కొలత సరిగ్గా ఉండాలి.

1957లో మహలనోబిస్ ఇంకో అడుగు వేశారు. లండన్ యూనివర్సిటీ కాలేజీ నుంచి పమేలా ల్యాంప్లూ రాబిన్సన్ అనే శిలాజ శాస్త్రవేత్తను పిలిపించి భూవిజ్ఞాన విభాగం తెరిచారు. ఆమె తయారుచేసిన కుర్రాళ్లలో ఎస్.ఎల్.జైన్, టి.ఎస్.కుట్టి, తపన్ రాయ్ చౌధురి ఉన్నారు. శంకర్ ఛటర్జీ తర్వాత వచ్చి కలిశారు. వాళ్లు ఎంచుకున్న నేల ప్రాణహిత, గోదావరి లోయ. అంటే మన ఆసిఫాబాద్, బెల్లంపల్లి, చెన్నూరు, ఏరు దాటితే సిరొంచ.

ఆ ఏడాది

1960 ఏప్రిల్ 1న ఐఎస్‌ఐ చట్టం అమల్లోకి వచ్చింది. పార్లమెంటు 1959లో చేసిన ఆ చట్టంతో ఈ సొసైటీకి జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థగా హోదా, పట్టాలిచ్చే అధికారం దక్కాయి. బి.స్టాట్., ఎం.స్టాట్. చదువులు ఆ ఏడాదే మొదలయ్యాయి. మే 1న మహారాష్ట్ర ఏర్పడింది కాబట్టి పోచంపల్లి బొంబాయి రాష్ట్రం నుంచి కొత్త రాష్ట్రంలోకి మారింది. మహలనోబిస్ నమూనా మీద నడిచిన రెండో పంచవర్ష ప్రణాళికకు అది ఆఖరి ఏడాది. దేశమంతటి నుంచి వచ్చే జాతీయ నమూనా సర్వే కాగితాలను లెక్కగట్టే పనీ ఆ సంఘానిదే. 1957లో ఇంగ్లండ్ వదిలి ఐఎస్‌ఐకి వచ్చిన జీవశాస్త్రవేత్త జె.బి.ఎస్.హాల్డేన్ 1961 ఫిబ్రవరిలో రాజీనామా చేసి వెళ్లిపోయారు. అదంతా కలకత్తాలో జరిగిన హడావుడి. ఆ హడావుడికి దూరంగా ప్రాణహిత ఒడ్డున కొందరు పగలంతా నేల మీద వంగి ఉన్నారు.

ఈ నేలలో శిలాజాల పనికి కాలం చిన్నది. వానాకాలం బురదలో కాలు కదలదు, ఏప్రిల్ దాటితే ఎండకు నిలబడలేం. చలికాలంలో మొదలుపెట్టి ఎండలు ముదిరేలోపు సర్దుకోవాలి, అంటే ఏడాదికి మూడు నాలుగు నెలలే. అయితే ఆ వానలకే దండం పెట్టాలి. ఆసిఫాబాద్ వైపు ఉన్న మాలేరి ఊరి ప్రాంతపు ఎర్ర మట్టిరాయి మెత్తనిది, ప్రతి వానాకాలం కొంత కొట్టుకుపోతుంది. ఎముక గట్టిది కనుక పైకి తేలి నిలుస్తుంది. అందుకే నిరుడు తిరిగిన వాగు గట్టునే ఈ ఏడు మళ్లీ తిరగాలి.

ఎముక కనపడగానే పలుగుతో పెకిలించడానికి లేదు. కోట్ల ఏళ్ల ఎముక పైకి రాయిలా కనిపించినా లోపలంతా పగుళ్లే ఉంటాయి. సన్నని ఉలి, సూది, కుంచెలతో చుట్టూ మట్టి తీసి, ఎముక ఒక దిమ్మె మీద నిలబడేలా చేస్తారు. పైన తడి కాగితం పొరలు పొరలుగా అతికిస్తారు. ఆ మీద గోనెపట్టా పేలికలను ప్లాస్టర్‌లో ముంచి, విరిగిన చేతికి డాక్టరు కట్టు కట్టినట్టే చుడతారు. కాగితం లేకపోతే ప్లాస్టర్ ఎముకనే పట్టుకుని ఊడదీస్తుంది. కట్టు ఆరాక అడుగు కోసి, నలుగురు పట్టుకుని ఒక్కసారిగా తిప్పి, రెండో వైపు కూడా కట్టు కట్టాలి. ఆ తిప్పే క్షణంలో చెయ్యి జారితే 18 కోట్ల ఏళ్లు ఆగిన ఎముక నిమిషంలో పిండి అవుతుంది. కట్టు మీద నంబరు వేసి, అదే నంబరును పుస్తకంలో రాసి, ఎముక ఏ దిక్కుకు పడి ఉందో, దాని పక్కన ఏముందో బొమ్మ గీసుకోవాలి. ఈ మొత్తం తంతులో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది ఆ పుస్తకమే. పక్కన ఏముందో రాయకుండా తెచ్చిన ఎముక ఊరు పేరు లేని ఉత్తరంతో సమానం.

పోచంపల్లి దగ్గర ఎముకల పక్కన ఏమున్నాయో రాసిపెట్టారు కాబట్టే ఇవాళ మనకు కథ తెలుస్తోంది. అక్కడ పెద్ద పెద్ద చెట్ల మాన్లు కూడా రాయిగా మారి పడి ఉన్నాయి. ఎముకలు కనీసం ఆరు జంతువులవి. అవన్నీ కలగాపులగంగా పడి ఉన్నా, కొన్నిచోట్ల కీళ్లు ఇంకా అతికే ఉన్నాయి. మందను, చెట్లను కలిపి ఒక వరద తోసుకొచ్చి ఉంటుందని శాస్త్రవేత్తల ఊహ. ప్రాణహిత వరద చూసినవాళ్లకు ఆ మాట నమ్మడం కష్టం కాదు.

1961 మే 7కి రవీంద్రనాథ్ ఠాగూర్ పుట్టి నూరేళ్లు నిండాయి. ఆ జ్ఞాపకంతో ఈ జంతువుకు ‘బరాపాసారస్ టాగోరై’ అని పేరు పెట్టారు. బరా అంటే పెద్ద, పా అంటే కాలు. పెద్ద కాళ్ల బల్లి అన్నమాట. పొడవు సుమారు 14 మీటర్లు, తినేది ఆకూ అలమూ.

14 ఏళ్లు, 8 పేజీలు

ఇక రెండో లెక్క. ఎముకలు తవ్వింది 1961లో, ఆ పేరు అచ్చులో లోకానికి తెలిసింది 1975లో. మధ్యలో 14 ఏళ్లు గడిచాయి. జైన్, కుట్టి, రాయ్ చౌధురి, ఛటర్జీ కలిసి రాసిన ఆ వ్యాసం లండన్ రాయల్ సొసైటీ పత్రికలో వచ్చింది. 221వ పేజీ నుంచి 228వ పేజీ దాకా, మొత్తం 8 పేజీలు. ఒక్కో ఎముకను విడివిడిగా కొలిచి వర్ణించిన పూర్తి వ్యాసం ‘పేలియాంటాలజీ’ పత్రికలో 2010లో వచ్చింది, 37 పేజీలతో. తవ్వకం నుంచి దానికి 49 ఏళ్లు. ఎముకల చుట్టూ ఉన్న రాయిని గోరంత గోరంత గీకి తీయడానికే ఏళ్లు పడతాయి. తర్వాత ఒక్కో ఎముకను ప్రపంచంలోని మిగతా వాటితో పోల్చాలి. అన్నీ అయ్యాక రాసినదాన్ని ఇంకో ఇద్దరు ముగ్గురు చదివి తప్పులు పట్టాలి.

మరో లెక్క ఇంకా ఆశ్చర్యం కలిగిస్తుంది. ఐఎస్‌ఐ వాళ్లు గత శతాబ్దంలో మన ఎర్రపల్లి పొరల్లో తవ్వి అల్మారాల్లో భద్రపరిచిన ఎముకల్ని మళ్లీ బయటికి తీసి చూస్తే, అది లోకానికి తెలియని ఒక పెద్ద మాంసాహారి అని తేలింది. 2021లో దానికి పెట్టిన పేరు ‘భారీతలసూకస్ తపనై’. తెలుగువాళ్లకు ఈ పేరు విప్పి చెప్పాలా? భారీ, తల. శాస్త్రం కోసం తెలుగు నుంచే ఎత్తుకున్న మాటలవి. తపన్ రాయ్ చౌధురి పేరు వెనక చేర్చారు. ఆ పేరు పెట్టిన వ్యాసం అచ్చయింది అర్జెంటీనా శిలాజ శాస్త్ర సంఘం వారి ‘అమెఘినియానా’ పత్రికలో. మన ఊరి మట్టిలోని తల కలకత్తా అల్మారాలో దశాబ్దాలు నిద్రపోయి, బ్యూనస్ ఐరిస్‌లో తెలుగు పేరుతో లేచింది.

2025లో ఇంకొకటి జరిగింది. అన్నారం ఊరి దగ్గరి మాలేరి పై పొరల్లో దొరికిన, సుమారు 22 కోట్ల ఏళ్ల నాటి మాంసాహార డైనోసార్‌కు ‘మాలేరిరాప్టర్ కుట్టియై’ అని పేరొచ్చింది. అందులో మన మాలేరి ఉంది, టి.ఎస్.కుట్టి ఉన్నారు.

అంతకు ముందు 120 ఏళ్లు

ఐఎస్‌ఐ రాకముందే మన నేల శాస్త్ర సంఘాల పత్రికలకు ఎక్కింది. అప్పట్లో వెతికింది ఎముకల కోసం కాదు, బొగ్గు కోసం. ప్రాణహిత ఒడ్డున కోట అనే ఊరి దగ్గరి బొగ్గు గురించి నిజాం రాజ్యంలో తిరిగిన వాకర్ రాసిన నివేదిక 1841లో బెంగాల్ ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వచ్చింది. తర్వాత అక్కడ బోరు వేశారు. బెల్ అనే డాక్టర్ ఆ బోరు వివరాలను 1852, 1853లలో లండన్ జియలాజికల్ సొసైటీ పత్రికకు రాశారు. ఈ సొసైటీ 1807లో పుట్టింది. కోట సున్నపురాయి పలకల్లో దొరికిన చేపను అదే సొసైటీ పత్రికలో ఎగర్టన్ 1851లో వర్ణించి ‘దక్కనెన్సిస్’ అని పేరు పెట్టారు. మన దక్కను పేరును ఆ చేప ఇప్పటికీ మోస్తోంది.

1859లో థామస్ ఓల్డ్‌హామ్ మాలేరి దగ్గరి చేప పళ్లను వర్ణించారు. అవి ఊపిరితిత్తులున్న చేప పళ్లు. అలాంటి చేప ఆస్ట్రేలియాలో ప్రాణాలతో ఉందని లోకం గుర్తించింది 1870లో. అంటే బతికున్న చుట్టం కంటే 11 ఏళ్ల ముందే మన ఆసిఫాబాద్ వైపు పళ్లు పుస్తకంలోకి ఎక్కాయి.

ఇక్కడ స్టీఫెన్ హిస్లాప్ గురించి ఒక మాట చెప్పాలి. నాగ్‌పూర్‌లో ఉన్న స్కాటిష్ మిషనరీ. గోండుల భాష, ఆచారాలు శ్రద్ధగా రాసుకున్న మనిషి. మాలేరి ఎముకలు, పళ్ల గురించి లండన్‌కు ఉత్తరాలు రాశారు. 1863 సెప్టెంబర్ 4న వాగు దాటుతూ కొట్టుకుపోయి చనిపోయారు. ఆయన ఉత్తరాల భాగాలను లండన్ సంఘం 1864లో అచ్చువేసింది. మనిషి పోయాక కూడా ఆయన పనిని పేజీలకెక్కించడమే సంఘం అన్నదానికి సరైన అర్థం అనుకుంటాను. మాలేరి పొరల్లోని మొసలిలాంటి జంతువు ‘పారాసూకస్ హిస్లోపై’ ఇవాళ ఆయన పేరుతోనే ఉంది. ఆ జంతువు అస్థిపంజరాల పొట్టభాగంలో అది మింగిన చిన్న సరీసృపం దొరికింది. 22 కోట్ల ఏళ్ల నాటి ఆఖరి భోజనం! 1980లో శంకర్ ఛటర్జీ దానికి ‘మాలేరిసారస్ రాబిన్సనే’ అని పేరు పెట్టారు. మింగినదానికి హిస్లాప్ పేరు, మింగుడుపడినదానికి పమేలా పేరు.

మన ఊళ్ల పేర్లు

కొన్ని పేర్లు లెక్కపెడతాను. ఆసిఫాబాద్, మంచిర్యాల ప్రాంతాల పిల్లలకు వీటిని ఎవరూ చెప్పడం లేదన్న బాధ నాకుంది. రేచిని రోడ్ స్టేషన్‌లో రైలెక్కేవాళ్లకు ‘రేచ్నిసారస్’ అనే జంతువుందని తెలియదు, 1970లో పెట్టిన పేరది. నంబాల ఊరితో ‘నంబాలియా’, జక్లపల్లితో ‘జాక్లపల్లిసారస్’, రెండూ డైనోసార్లే, 2011లో ఎడిన్‌బరో రాయల్ సొసైటీ పత్రికలో వచ్చాయి. ధర్మారం పేరుతో ‘లాంప్లూసారా ధర్మారమెన్సిస్’ 2007లో వచ్చింది. దాని మొదటి సగం మళ్లీ పమేలా పేరే. రాళ్ల పొరలకు కూడా మన ఊళ్ల పేర్లే ఉన్నాయి. ఎర్రపల్లి, భీమారం, మాలేరి, ధర్మారం, కోట, గంగాపూర్. అడుగున ఎర్రపల్లి, ఆ మీద వరుసగా మిగతావి. ఆరు ఊళ్ల పేర్లు చదివితే కోట్ల ఏళ్ల చరిత్రను మెట్లెక్కినట్టు ఎక్కేయొచ్చు. దక్షిణ ఖండాలన్నీ ఒకప్పుడు కలిసున్న నేలకు గోండ్వానా అని పేరొచ్చింది గోండుల గడ్డ నుంచే. హాల్డేన్ కూడా ఈ జాబితాలో ఉన్నారు. కోట పొరల్లో దొరికిన చిట్టి క్షీరదానికి 1981లో ‘కోటథీరియం హాల్డేనై’ అని పేరు పెట్టారు. ఆయన రాజీనామా చేసి వెళ్లిన 20 ఏళ్లకు, పోయిన 17 ఏళ్లకు.

పోచంపల్లికి ఉత్తరంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర, 1970ల చివర్లో ఇంకో పెద్ద నిక్షేపం బయటపడింది. 2,400 చదరపు మీటర్లలో 840 ఎముకలు, కనీసం 12 జంతువులవి. ఇది దాదాపు 24 గుంటల నేల. అంటే ఇక్కడ మూడు చదరపు మీటర్లకు ఒక ఎముక. పోచంపల్లిలో అంతకు మూడింతలు చిక్కగా ఉన్నాయి. పి.యాదగిరి 1988లో దీనికి ‘కోటసారస్ యామన్‌పల్లియెన్సిస్’ అని పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ సెంటర్‌లో నిలబడి ఉంది. బరాపాసారస్‌ను చూడాలంటే కోల్‌కతా ఐఎస్‌ఐ మ్యూజియానికి వెళ్లాలి.

ఇన్ని అంకెల మధ్య ఒక సున్నా ఉంది. పోచంపల్లిలోని ఆరింటికి, యామన్‌పల్లిలోని పన్నెండింటికి కలిపి దొరికిన పుర్రెలు సున్నా. బరాపాసారస్‌వి కొన్ని పళ్లు దొరికాయి. కోటసారస్‌వి రెండు పళ్లు. తల మాత్రం లేదు. ఈ జంతువుల పుర్రె పలచన, వరదలో ముందు విరిగేది అదే. అయినా ఎక్కడో ఒక గట్టు కింద, బురద మెత్తగా కప్పినచోట, ఒకటైనా మిగిలి ఉండవచ్చు.

అందుకే చెన్నూరు, వేమనపల్లి, కోటపల్లి, రెబ్బెన, తాండూరు, తిర్యాణి వైపు రైతులకు, ఉపాధి హామీ పనిచేసే వాళ్లకు, బడి పంతుళ్లకు ఒక విన్నపం. చెలక దున్నేటప్పుడో, వాగు గట్టు కోసుకుపోయినప్పుడో ఎముకలాంటి రాయి కనపడితే, విరిగిన అంచు చూడండి. స్పాంజిలా సన్నని రంధ్రాలుంటే అది ఎముక కావచ్చు. పెకిలించకండి, ఇంటికి తేకండి, పగలగొట్టి చూడకండి. పక్కన ఒక రూపాయి బిళ్ల పెట్టి ఫోటో తీయండి. సర్వే నంబరు, తేదీ, ఎవరు చూశారో ఒక కాగితం మీద రాయండి. మీ దగ్గరి కాలేజీలో భూవిజ్ఞానం చెప్పేవాళ్లకో, హైదరాబాద్ బండ్లగూడలోని జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా కార్యాలయానికో తెలియజేయండి.